పదిహేడో ఇంటర్వ్యూ

“అన్నా, మీరు చివరిసారిగా ఎప్పుడు ఏడ్చినారు?”

పుంగనూరు శివార్లలోని పాల కేంద్రంలో పొద్దున ఆరున్నరకు ఎవరూ ఎవరినీ అడగని ప్రశ్న అది. భానుప్రకాశ్ చేతిలోని పాల శాంపిల్ సీసా, వెన్న శాతం చూసే ఫ్యాట్ మిషను దాకా వెళ్ళకుండా దారిలోనే ఆగిపోయింది. తలెత్తి చూశాడు.

బల్లకు అవతల ఒక అమ్మాయి. ఆకుపచ్చ చుడీదార్, భుజాన బరువైన బ్యాగు, జుట్టు మీద సన్నని వాన తుంపర. ఒక చేతిలో ప్రశ్నల కాగితాలు, ఇంకో చేతిలో అగ్గిపెట్టెంత రికార్డరు.

“ఎవరండీ మీరు? ఇన్సూరెన్సా?”

“కాదన్నా. కుప్పం యూనివర్సిటీ నుంచి వస్తాండాను. నా పేరు భవ్య. పీహెచ్‌డీ చేస్తాండా.”

“దేని మీద?”

“మగవాళ్ళ మీద.”

పాలు పొయ్యడానికి వరుసలో నిలబడిన వాళ్ళంతా ఒక్కసారిగా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నాగమ్మ. క్యాను కింద పెట్టి మరీ నవ్వింది.

“మగోళ్ళ మీద సదివేదానికి ఏముందమ్మా? నన్నడుగు, అర్ధ గంటలో సెప్పేస్తా. ముప్పై ఏండ్లు కాపరం జేసినా!”

“నాగమ్మత్త చెప్పింది కరెక్టే,” అన్నాడు భానుప్రకాశ్. “మా మీద పుస్తకం రాస్తే పేజీ కూడా నిండదు. లేస్తాం, పని చేస్తాం, తింటాం, పండుకుంటాం. అయిపోయె.”

ఆ అమ్మాయి నవ్వలేదు. తుంపర తుడుచుకుని, “ఆ పేజీ కోసమే రెండేళ్ళుగా తిరుగుతాండా,” అంది. “ఎవర్ని అడిగినా మీ మాదిరే నాలుగు ముక్కలు చెప్పి నవ్వేస్తారు. ఆ నవ్వు వెనక ఏముందో తెలియాలంటే నాకు రెండు గంటలు కావాల.”

“నాకు రెండు నిమిషాలు కూడా లేవు.”

“అయితే ఈడే కూర్చుంటా.”

నిజంగానే కూర్చుంది. గోడ పక్కన బోర్లించిన క్యాను మీద, పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు మాదిరి, వీపు నిటారుగా పెట్టుకుని. భానుప్రకాశ్ ఆ తర్వాత పరీక్షించిన శాంపిళ్ళలో రెండింటిని మళ్ళీ పరీక్షించాల్సి వచ్చింది. చూపు మిషను మీద నిలిస్తే కదా.

పాలు పోసేవాళ్ళు వెళ్ళిపోయాక, ఆవుల కొట్టం వైపు నుంచి మునిస్వామి వచ్చాడు. భానుప్రకాశ్ తండ్రి. అరవై రెండేళ్ళ మనిషి. రోజుకు ఇరవై మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులో పదిహేను ఆవులతోనే.

“నన్ను అడుగు తల్లీ,” అన్నాడు. “నేను సెప్తా.”

భానుప్రకాశ్ నోరు తెరిచి చూస్తుండగానే ఇద్దరూ కొట్టం దగ్గర అరుగు మీద కూర్చున్నారు. అతను ఇవతల కొళాయి కింద క్యాన్లు కడుగుతూ, వినకూడదనుకుంటూనే విన్నాడు. మొదట వాన గురించి, గడ్డి గురించి. తర్వాత ఆ అమ్మాయి ఏదో మెల్లగా అడిగింది. మునిస్వామి ఆవుల వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

“మావోడు బెంగళూరులో కంపెనీలో ఉండె. మూడేండ్ల కింద అది ఇడిసిపెట్టి వచ్చేసినాడు. పాల కేంద్రం పెడతా అన్నాడు. నేను ఆరు నెలలు వాడితో మాట్లాడలేదమ్మా.”

“కోపమొచ్చిందా పెద్దాయనా?”

“కోపమా? సంతోషమైంది. పొద్దున లేస్తే కొడుకు కండ్ల ముందర ఉండాడు గదా, సంతోషం కాదా? కొడుకు ఉద్యోగం ఇడిసిపెట్టి వస్తే ఊరంతా అయ్యో అంటాంటే, సంతోషపడే నాయన యాడన్నా ఉంటాడా అని సిగ్గయింది. నోరు తెరిస్తే ఆ సంతోషం బయట పడిపోతాదేమో అని మాట్లాడలా.”

క్యాను నిండి నీళ్ళు భానుప్రకాశ్ పాదాల మీదుగా పారాయి. అతను కొళాయి కట్టెయ్యలేదు. మూడేళ్ళుగా తండ్రికి తన మీద కోపమనే నమ్మకంతో బతికాడు. ఆ కోపం పోగొట్టాలని పొద్దునా సాయంత్రం గాడిదలా పనిచేశాడు. పక్కనే కూర్చుని ఒక్క మాట అడగాలని అతనికి తోచలేదు. ఎక్కడి నుంచో వచ్చిన ఒక అమ్మాయి అడిగింది.

ఆమె బ్యాగు సర్దుకుని బయలుదేరుతుంటే ఎదురు వెళ్ళాడు.

“ఆ రెండు గంటలు… నేనూ ఇస్తా. ఈడ మాత్రం కాదు. నాగమ్మత్త ఊరంతా టాంటాం చేస్తాది.”

“మరి యాడ?” అంది, కాగితం మీద అతనికి 17 అని నంబరు వేసుకుంటూ.

“గురువారం దాణా కోసం మదనపల్లెకు పోతాండా.”

“నాకూ ఆడ టమాటా మండీలో పనుంది,” అంది భవ్య. మొదటిసారి నవ్వింది.

అంతవరకు తుంపరగా ఉన్న వాన గట్టిగా పట్టుకుంది. ఆ రెండూ ఒకేసారి జరిగాయి కాబట్టి దేన్ని చూడాలో భానుప్రకాశ్‌కు అర్థం కాలేదు.

*

మదనపల్లె టమాటా మండీలో ఒక ఆడపిల్ల రికార్డరు పట్టుకుని, “మీ మనసులో మాట చెప్పండి,” అంటే ఏమవుతుందో భవ్యకు పది నిమిషాల్లో తెలిసింది. హమాలీలు సిగ్గుపడి క్రేట్ల వెనక్కి వెళ్ళారు. లారీ డ్రైవర్లు టీవీ వాళ్ళనుకుని టమాటాకు గిట్టుబాటు ధర కావాలని ఉపన్యాసం ఇచ్చారు.

“నవ్వకండి,” అంది భానుప్రకాశ్ వైపు చూడకుండానే.

“నవ్వలేదే.”

“మీ బుజాలు నవ్వుతాండాయి.”

అప్పుడు అతను రంగంలోకి దిగాడు. ఒక ముసలి హమాలీ పక్కన కూర్చుని బీడీకి నిప్పిచ్చి, “ఏమప్పా, నడుము నొప్పి ఎట్లుండాది?” అన్నాడు. ఆయన నడుము నుంచి మొదలుపెట్టి, ఆ నొప్పి ఇంట్లో ఎవరికీ తెలియనివ్వనని, తెలిస్తే రేపటి నుంచి పనికి పోవద్దంటారని, పనికి పోని రోజు తను ఏమిటో తనకే తెలియదని ముప్పావు గంట చెప్పాడు. భవ్య పక్కన గోనెసంచి మీద కూర్చుని ఊపిరి బిగబట్టి రాసుకుంది.

“ప్రశ్న నడుముతో మొదలుపెట్టాలని ఏ పుస్తకంలోనూ లేదు,” అంది తర్వాత.

“పుస్తకం మీరే రాస్తాండారు గదా. రాసెయ్యండి.”

మధ్యాహ్నానికి మళ్ళీ వాన. ఇద్దరూ టీ అంగడి రేకుల కింద ఇరుక్కున్నారు. రేకుల మీద చినుకుల మోతకు రికార్డరును అతని నోటికి దగ్గరగా పట్టుకోవాల్సి వచ్చింది. ఆమె చెయ్యి దగ్గరగా వచ్చిన ప్రతిసారీ అతను చెప్పే వాక్యం ఒకటి మధ్యలో తెగిపోయింది.

“తొమ్మిది సంబంధాలు చూసినాం,” అన్నాడు. “అందరూ అడిగేది ఒకటే. అబ్బాయి ఏం చేస్తాడు? పాల కేంద్రం, ఆరు ఆవులు, మూడెకరాలు అంటాం. ఆ తర్వాత వాళ్ళిచ్చే కాఫీలో చక్కెర కూడా ఉండదు. ఒకాయన, మళ్ళా బెంగళూరు పోతానంటే పిల్లనిస్తానన్నాడు.”

“మీరేమన్నారు?”

“మా ఆవులకు కన్నడం రాదు సార్ అన్నా.”

భవ్య టీ గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వింది. నవ్వు తగ్గాక మెల్లగా అడిగింది. “ఆ రోజు ఇంటికి పోయినాక ఏం చేసినారు?”

అతను వాన వైపు చూశాడు.

“మా అమ్మ ముందర నవ్వినా. మనమే వద్దనుకొనేసినాం అని చెప్పినా. తర్వాత కొళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నా. ఆవు వాసన వస్తాదేమో అని సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నా. మూడోసారి కడిగేటప్పుడు నా మీద నాకే అసహ్యమేసింది. నాకు అన్నం పెట్టే వాసనను నేనే కడిగేసుకుంటాండానే అని. మీరు అడిగినారు గదా, చివరిసారి ఎప్పుడని. అప్పుడే.”

ఆమె కలం ఆగిపోయింది. ఆ వాక్యం రాసుకోలేదు. రికార్డరు ఎర్రగా వెలుగుతూనే ఉంది.

సాయంత్రం కుప్పం బస్సెక్కుతూ, “పోయొస్తా అన్…” అని మధ్యలో ఆగి, “పోయొస్తానండీ,” అంది.

ఆ సగం మాటను భానుప్రకాశ్ దాణా మూటలతో పాటు పుంగనూరు దాకా తెచ్చుకున్నాడు.

*

ఆ తర్వాత నాలుగు నెలల పాటు వారానికో పదిరోజులకో భవ్య పుంగనూరు వైపు వస్తూనే ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో ఇంటర్వ్యూలు. తిరిగి వెళ్ళేటప్పుడు పాల కేంద్రంలో కాఫీ. కాఫీ ఇచ్చేది భానుప్రకాశ్ తల్లి ముత్యాలమ్మ. ఇచ్చి, పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోవడం కూడా ఆమే.

“ఇంతకీ మీ చదువుకు పేరేమి?” అని ఒక రోజు అడిగాడు.

“పురుష అధ్యయనం.”

“అట్లాంటి సబ్జెక్టు ఉండాదా?”

“అదే తగాదా. మా గైడు స్వర్ణలత మేడం. మహిళా అధ్యయనంలో పెద్ద పేరు. ఇరవై ఏళ్ళు కొట్లాడి ఆ సబ్జెక్టుకు ఒక గది, ఒక బోర్డు తెచ్చుకున్నారు. ఆమే నన్ను అడుగుతారు, మగవాళ్ళకు విడిగా ఒక శాస్త్రం యాల అని. ఫిబ్రవరిలో సెమినారు పెడతాండారు. పెద్దల ముందర నా పరిశోధన చెప్పాల. దీన్ని ఒక సబ్జెక్టుగా ఒప్పుకుంటారా, లేక సోషియాలజీలో ఒక మూల పడేస్తారా అనేది ఆ రోజే తేలుతాది.”

“మేడంకు ఏం చెప్తారు?”

“ఇంకా తెలియదు. తెలిసేదాకా తిరుగుతా.”

ఆమె పట్టుదల చూస్తే అతనికి గర్వంగా ఉండేది. తనకేమీ కాని మనిషిని చూసి గర్వపడే హక్కు ఉందా అని మాత్రం అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది.

ఆమె తన ఇంటి సంగతులు కూడా చెప్పింది. రామకుప్పం దగ్గర పల్లె. తండ్రి నారాయణస్వామి రాగులు, కూరగాయలు పండిస్తాడు. పండించినదాంట్లో అడవి ఏనుగులు తినగా మిగిలింది ఇంటికి తెస్తాడు.

“నాకు సంబంధాలు చూస్తాండాడు,” అంది ఒక సాయంత్రం, గ్లాసు అడుగు వైపు చూస్తూ. “ఉద్యోగస్తుడే కావాలంట. ‘రైతుకు మాత్రం ఇయ్యను, నేను పడిన అగసాట్లు నా బిడ్డ పడకూడదు’ అంటాడు.”

“మంచిదే గదా,” అన్నాడు భానుప్రకాశ్. ఆ రెండు మాటలు అనడానికి అతనికి చాలా బలం కావాల్సి వచ్చింది.

భవ్య అతని వైపు ఒకసారి చూసింది. కాఫీ పూర్తిగా తాగకుండానే లేచింది.

తర్వాత రాలేదు. ఒక వారం, రెండు వారాలు. ఫోను చేస్తే, “రాసుకునే పనిలో ఉండానండీ,” అని పెట్టేసేది. జనవరి చివర్లో వాట్సాప్‌లో ఒక కాగితం వచ్చింది. పైన యూనివర్సిటీ ముద్ర. “ఇంటర్వ్యూ నంబరు 17ను పరిశోధన నుంచి తొలగిస్తున్నాము. ఇందుకు మీ సమ్మతి తెలుపుతూ సంతకం చేయగలరు.” కింద భవ్య సంతకం. ఇంకొక్క మాట లేదు.

భానుప్రకాశ్ దాన్ని నాలుగుసార్లు చదివాడు. తొమ్మిది ఇళ్ళలో వద్దన్నప్పుడు కూడా ఇంత గుచ్చుకోలేదు. ఆ టీ అంగడిలో చెప్పిన మాట తన తల్లికి కూడా చెప్పలేదు. దాన్ని చదివి, అక్కర్లేదని పక్కన పెట్టేసిందన్నమాట.

“పెళ్ళికి పనికిరాలేదు సరే. పరిశోధనకు కూడా పనికిరానా?” అన్నాడు ఆవు గంగడోలు నిమురుతూ. ఆవు గడ్డి నములుతూనే ఉంది.

సంతకం చేసి ఫోటో తీసి పంపాడు. బతిమాలితే తను మునిస్వామి కొడుకు ఎలా అవుతాడు?

*

“సెమినారుకు నాకు పిలుపొచ్చింది. నేను పోతా,” అన్నాడు మునిస్వామి. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. “నువ్వు రాకపోతే ఒక్కణ్ణే పోతా.”

అరవై రెండేళ్ళ మనిషిని మూడు బస్సులు మార్చి ఒంటరిగా పంపలేక, భానుప్రకాశ్ కూడా బయలుదేరాడు. పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి పదకొండయింది. తను తండ్రికి తోడుగా వచ్చాడే తప్ప ఇంకెవరి కోసమూ కాదని దారి పొడుగునా తనకు తనే చెప్పుకున్నాడు.

హాలు నిండుగా ఉంది. విద్యార్థులు, అధ్యాపకులు, ఇంటర్వ్యూలు ఇచ్చిన రైతులు కొందరు. వేదిక మీద తిరుపతి నుంచి వచ్చిన నెరిసిన గడ్డం ప్రొఫెసరు, పక్కన స్వర్ణలత మేడం. మైకు ముందు భవ్య. నేత చీరలో ఉంది. సర్దిన కాగితాలనే మళ్ళీ మళ్ళీ సర్దుతోంది. వెనక వరుసలో కూర్చున్న భానుప్రకాశ్ కోపం ఆ కంగారును చూడగానే సగం పోయింది. మిగతా సగాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

“పదహారో ఇంటర్వ్యూ,” అని చదివింది భవ్య. “అరవై రెండేళ్ళ పశుపోషకుడు. కొడుకు ఇంటికి తిరిగివచ్చినందుకు కలిగిన సంతోషాన్ని దాచడానికి ఆయన ఆరు నెలలు మౌనంగా ఉన్నారు…”

“ఆ పదహారు నేనే సార్!”

మునిస్వామి లేచి నిలబడ్డాడు. భానుప్రకాశ్ చొక్కా పట్టి లాగాడు. ఆయన కూర్చోలేదు.

“నా పేరు మునిస్వామి. పుంగనూరు.”

“మీ సంగతి బయటపడకూడదనే నంబరు వేశారు పెద్దాయనా,” అన్నాడు గడ్డం ప్రొఫెసరు నవ్వుతూ. “అది పద్ధతి.”

“దాసేదానికి నేనేమన్నా తప్పు జేసినానా సార్? దాసిపెట్టినందుకే ఆరు నెలలు నా కొడుకుతో మాటలు పోయినాయి. మళ్ళా దాసమంటే ఎట్ల? మా నాయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు, మా తాతదీ లేదు. నాదన్నా ఉండనీండి.”

చప్పట్లు మోగాయి. భానుప్రకాశ్ పట్టుకున్న చొక్కా కొస వదిలేశాడు. ఆయన తన తండ్రి అని పక్కవాడికి చెప్పాలనిపించింది. చెప్పాడు కూడా.

ఆ తర్వాత ప్రశ్నలు. మొదటిది స్వర్ణలత మేడమే అడిగింది. గొంతులో మెత్తదనం లేదు.

“భవ్యా, ఇంతకాలం రాసిన చరిత్రంతా మగవాళ్ళ గురించే. మహిళా అధ్యయనం హక్కులు లేనివాళ్ళు కొట్లాడి తెచ్చుకున్న చదువు. మగవాళ్ళకు లేనిదేమిటని విడిగా ఒక శాస్త్రం? రేపు ఇది మాకు పోటీగా వచ్చి కూర్చోదని నమ్మకమేమిటి?”

భవ్య కాగితాలు పక్కన పెట్టేసింది.

“చరిత్రలో రాజు ఉన్నాడు మేడం, సైనికుడు ఉన్నాడు. మునిస్వామి గారు లేరు. ఒక రైతు అప్పును ఎకనామిక్స్ చదువుతుంది. ఆ రైతు తాగుడును డాక్టర్లు చదువుతారు. ఆయన కొడుక్కి పెళ్ళి కాకపోవడాన్ని ఎవరూ చదవరు. ఈ మూడూ ఒకే ఇంట్లో ఉన్నాయి. ఆ మనిషిని ముక్కలు చేయకుండా చూసే చోటు ఒకటి కావాలి.” కాస్త ఆగింది. “ఇరవై రెండో ఇంటర్వ్యూలో ఒకాయన, భార్యను కొట్టానని ఒప్పుకున్నారు. దెబ్బ తిన్న ఆమె గురించి మీరు రాశారు. ఆ చెయ్యి అలా ఎప్పుడు తయారైంది, ఎవరు నేర్పారు అనేది నేను అడిగాను. మీరు నేర్పిన ప్రశ్నలతోనే అడిగాను. ఇది మీకు పోటీ కాదు మేడం. మీరు వేసిన దారే, ఇంకో ఊరికి పోతోంది.”

 స్వర్ణలత మేడం ఏదో రాసుకుంది. గడ్డం ప్రొఫెసరు థీసిస్ పేజీలు తిప్పుతూ కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

“ఒక చిన్న సందేహం. నలభై ఇంటర్వ్యూలన్నారు. జాబితాలో పదహారు తర్వాత పద్దెనిమిది ఉంది. పదిహేడు ఏమైంది?”

భానుప్రకాశ్ ముందు కుర్చీ వీపును గట్టిగా పట్టుకున్నాడు.

“తీసేశాను సార్.”

“ఎందుకు? అబద్ధాలు చెప్పాడా?”

“లేదు సార్. నలభై మందిలో అంత నిజం మాట్లాడినవాళ్ళు ఇంకొకరు లేరు.”

“మరి?”

భవ్య మైకును రెండు చేతులతో పట్టుకుంది. ఆమె చూపు వరుసలన్నీ దాటుకుంటూ వచ్చి చివరి వరుసలో ఆగింది.

“పరిశోధకురాలికి ఎవరి మీదా పక్షపాతం ఉండకూడదు సార్. నాకు వచ్చేసింది. ఆ రికార్డింగు రాసుకోవడానికని పెట్టుకుని, రాయడం మరిచిపోయి, ఆయన గొంతు కోసమే వినేదాన్ని. ఆయన కష్టం చదువుతుంటే నాకు దాంట్లో విశ్లేషణ కనపడలేదు. పోయి పక్కన కూర్చోవాలనిపించింది. అలాంటి మనిషిని నంబరుగా రాస్తే అది నా చదువుకూ మోసమే, ఆయనకూ మోసమే.” సభ కోసం తెచ్చుకున్న పుస్తకాల తెలుగంతా వదిలేసి, ఇంటి మాటలో చెప్పింది. “అందుకే తీసేసినా సార్.”

 విద్యార్థుల వరుసల్లో ఎవరో ఈల వేశారు. హాలంతా నవ్వులు, చప్పట్లు.

మునిస్వామి కొడుకు వైపు వంగి గుసగుసగా అడిగాడు. “పదిహేడు ఎవరురా?”

“నేనే నాయనా.”

“మరి లేసి సెప్పు! నేను సెప్పలేదా?”

భానుప్రకాశ్ లేచాడు. నాలుగు వందల తలలు వెనక్కి తిరిగాయి.

“పదిహేడు నేనేనండీ. భానుప్రకాశ్. పుంగనూరులో పాల కేంద్రం,” అన్నాడు. ఇంకేం చెప్పాలో తోచక, “సంతకం పెట్టేటప్పుడు కారణం తెలియదు. తెలిసుంటే ఇంకా బాగా పెట్టేవాణ్ణి,” అన్నాడు.

ఈసారి వేదిక మీద ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. స్వర్ణలత మేడం చెయ్యెత్తి సభను ఆపింది.

“ఈ విషయం భవ్య డిసెంబరులోనే నా దగ్గరికి వచ్చి చెప్పింది. తన థీసిస్‌లో అన్నిటికంటే మంచి భాగాన్ని తన చేత్తో తీసేసిన విద్యార్థిని నా సర్వీసులో చూడలేదు. ఈ సబ్జెక్టు మీద నాకు అనుమానాలు ఉండేవి. ఇంత నిజాయితీగా చదివేవాళ్ళు ఉన్నప్పుడు దానికి చోటు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.” మైకు పక్కకు జరిపి, శిష్యురాలికి మాత్రమే వినపడేలా అంది. “నాకు గర్వంగా ఉంది.”

మధ్యాహ్నం నిర్ణయం చెప్పారు. విడిగా శాఖ లేదు. వచ్చే ఏడాది నుంచి ఎం.ఏ. రెండో సంవత్సరంలో పురుష అధ్యయనం ఒక ఐచ్ఛిక పేపరుగా పెడతారు. సిలబస్ తయారు చేసే పని భవ్యకు ఇస్తారు. పేరు చెప్పమని కోరినవాళ్ళ పేర్లు థీసిస్‌లో వేయవచ్చు.

*

హాలు బయట మెట్ల దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. అంతమంది ముందు అంత మాట అనేసిన అమ్మాయి ఇప్పుడు ఒక్కడి ముందు కాగితాలు మడుస్తూ విప్పుతూ నిలబడింది.

“ఒక్క పేపరే ఇచ్చినారు,” అంది చివరికి.

“మేమూ మొదట ఒక ఆవునే కొన్నాం,” అన్నాడు భానుప్రకాశ్. “ఆ కాగితంతో పాటు ఒక్క మాట రాసుంటే ఏం పోయేది? నెల రోజులు నాకు అన్నం సయించలేదు.”

“ఏమని రాసేది? ‘మంచిదే గదా’ అన్నది ఎవరు? మా నాయన ఉద్యోగస్తుణ్ణి చూస్తాండాడంటే, మంచిదే గదా అంట!”

“మరి నన్నేమనమంటారు? నేను రైతును గదా.”

“ఆ మాట తలొంచుకుని అనొద్దు,” అంది ఆమె. కోపంగా అంది. కళ్ళు మాత్రం నిండాయి. “నాలుగు వందల పేజీలు రాసింది దానికి కాదు.”

అతను తలెత్తాడు. అప్పుడే ఆమె వెనకగా హాల్లోంచి ఒక మనిషి నడిచి వచ్చాడు. భుజాన తువ్వాలు, ఎండకు నల్లబడిన ముఖం, పగిలిన మడమలు. భవ్య గబుక్కున కళ్ళు తుడుచుకుంది.

“నాయనా…” అంది.

నారాయణస్వామి కూతురి వైపు చూడలేదు. భానుప్రకాశ్‌ను పై నుంచి కింది దాకా చూశాడు.

“ఉద్యోగం లేదు గదా?”

“లేదండీ.”

“మళ్ళా బెంగళూరు పోతావా?”

పదో ఇల్లు, అనుకున్నాడు భానుప్రకాశ్. ఈసారి మాత్రం తల దించలేదు. “పోనండీ. పాల కేంద్రం నాకు ఇష్టమై పెట్టినా. ఆవులు, మూడెకరాలు, మా అమ్మా నాయనా. దాచేదానికి ఏమీ లేదు.”

మునిస్వామి వచ్చి కొడుకు పక్కన నిలబడ్డాడు. 

నారాయణస్వామి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా, ఎవరితోనో కాకుండా తనతోనే మాట్లాడుతున్నట్టు అన్నాడు.

“నా బిడ్డ ఆడ నిలబడి గంటసేపు రైతుల గురించి మాట్లాడింది. అంత పెద్ద సదువుకున్నోళ్ళు నోరు మూసుకొని విన్నారు. అందరూ సప్పట్లు కొట్టినారు. అందరికంటే గట్టిగా నేను కొట్టినా. ఇదో, సేతులు ఇంకా మంట పుడతాండాయి.” అరచేతులు తెరిచి చూపించాడు. “ఇన్నేండ్లుగా రైతుకు పిల్లనియ్యను, రైతుకు ఇయ్యను అంటా ఉండా. అనేటప్పుడల్లా నన్ను నేనే తక్కువ జేసుకుంటాండానని నాకు తట్టలా. ఇప్పుడు ఈ సేతులు పెట్టుకొని ఇంకోసారి ఆ మాట ఎట్ల అనేది?”

భవ్య తండ్రి భుజం మీద తల ఆనించింది. ఆయన ఆమె తల నిమిరి, మునిస్వామి వైపు తిరిగాడు.

“అన్నా, రామకుప్పం మీరు పొయ్యే దారే. దిగండి. రాగిసంగటి తిని పోదురు. పిల్లది ఎట్లాంటిదో సూసుకోండి. వంట మాత్రం సరిగ్గా రాదు, ముందే సెప్తాండా.”

“మావోడికి వచ్చు,” అన్నాడు మునిస్వామి. ఆ రోజుకు ఆయన మాటల లెక్క ఎప్పుడో దాటిపోయింది.

మూడున్నర బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. పెద్దవాళ్ళిద్దరికీ ముందు సీటు దొరికింది. భానుప్రకాశ్, భవ్య మధ్యలో కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. గుంతలు వచ్చినప్పుడల్లా ఇద్దరి భుజాలూ తగులుతున్నాయి. ఆ రోడ్డును ఎవరూ బాగు చేయకపోతే బాగుండుననిపించింది అతనికి.

రెండు స్టాపుల తర్వాత ఒక పెద్దాయన ఎక్కాడు. నారాయణస్వామిని చూసి, కొత్త మొహాలను చూసి, ఇంజను మోతకు మించి అరిచాడు.

“ఏమప్పా నారాయణస్వామీ, ఎవరు వీళ్ళంతా?”

నారాయణస్వామి సీట్లోంచి లేచి నిలబడ్డాడు. కూర్చుని కూడా చెప్పగలిగే మాటే. కానీ లేచి, చివరి సీటు దాకా వినపడేంత గట్టిగా చెప్పాడు.

“పుంగనూరోళ్ళు. రైతులు. మా బిడ్డకు సంబంధం!”